అయిదేళ్ళ గురువుగారి పళ్ళపాఠం

కుందవరం రాజుగారికి ఉన్నట్టుండి కోపం వచ్చింది. కారణం యుద్ధమూ కాదు, కరువూ కాదు. కూతురి నవ్వు.

పొరుగురాజు పంపిన రాయబారి ఎదుట అయిదేళ్ళ రాకుమారి కనకవల్లి పకపకా నవ్వింది. ముందుపళ్ళు రెండూ అంచుల్లో నల్లబడి ఉన్నాయి. రాయబారి మర్యాదస్తుడు కనుక పైకప్పు వైపు చూశాడు.

రాజుగారు సభలోనే హుకుం వేశారు.

"వారం తిరిగేసరికి పాప తనంతట తాను పళ్ళు తోముకోవాలి. ఏడవకూడదు. ఎలాగన్నది మీ ఇష్టం!"

వెంటనే లేచాడు ఆస్థాన వైద్యుడు సోమావధానులు. ఆయనకు 'దంతకేసరి' అని బిరుదు. అది ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు గానీ ఆయన మాత్రం సంతకంలో కూడా రాసుకునేవాడు.

"ప్రభూ, పళ్ళు తోమడంలో పదహారు అంచెలున్నాయి. నూట ఎనిమిది శ్లోకాలున్నాయి. నాకు వదిలేయండి."

మర్నాడు పొద్దున్నే నలుగురు భటులు పాపను పట్టుకున్నారు. అవధానులు బొటనవేలంత లావు పుల్ల తీసుకుని మొదటి శ్లోకం అందుకున్నాడు. రెండో శ్లోకం దగ్గర పాప ఆయన వేలు కొరికింది. మూడోది అంతఃపురమంతా విన్నది గానీ, అది శ్లోకం కాదు, కేక.

నాలుగు రోజులపాటు అదే తంతు. వేలికి కట్టుతో అవధానులు రాజుగారి దగ్గరికి వచ్చాడు.

"తప్పంతా తిరపమ్మది ప్రభూ. పాపకు ముఖం కడిగే మనిషి ఆవిడే. గారాబం చేసి చెడగొట్టింది. కోట బయటికి పంపేయండి."

రాజుగారు తిరపమ్మను పిలిపించారు. "రెండు రోజుల గడువు. ఈలోగా పాప తోముకోకపోతే మూట సర్దుకో."

పాప పుట్టిన దగ్గర్నుంచి నీళ్ళు పోసిన చెయ్యి తిరపమ్మది. ఆ సాయంత్రం పాపకు తల దువ్వుతూ మెల్లిగా అడిగింది.

"ఎందుకమ్మా తోముకోనంటావు?"

"ఆ పుల్ల గుచ్చుకుంటుంది. అయినా నాన్నగారు తోముకోరుగా!"

దువ్వెన ఆగిపోయింది. నిజమే. రాజుగారు నిద్ర లేస్తూనే తాంబూలం వేసుకుంటారు. ఆ నోటివాసనను మంత్రిగారు కస్తూరి అంటారు. సేనాపతి జవ్వాది అంటాడు. అసలు పేరు చెప్పేంత ధైర్యం కుందవరంలో ఎవరికీ లేదు.

తిరపమ్మకూ లేదు. అలాగని చెప్పకపోతే పని జరగదు. జడ వేయడం పూర్తయ్యేసరికి ఆమెకొక ఉపాయం తట్టింది.

పొద్దున్నే సభలో నిలబడి దణ్ణం పెట్టింది.

"ప్రభూ, పాప ఒకరి దగ్గర నేర్చుకునే మనిషి కాదు. రాజుబిడ్డ! తనే నేర్పుతుంది. గురువుగారికి పీట వేయించండి. అయితే రాకుమారికి తొలి శిష్యుడంటే రాజ్యంలో అందరికన్నా పెద్ద హోదా ఉన్నవారే అయ్యుండాలి."

"ఇంకెవరు? నేనే!" అంటూ అవధానులు ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

రాజుగారి మీసం లేచింది.

"నాకన్నా పెద్ద హోదానా నీది? తొలి శిష్యుణ్ణి నేను. నువ్వు నా వెనక కూర్చో!"

పీటలు పడ్డాయి. తిరపమ్మ సన్నటి లేత వేపపుల్ల చివర నలిపి, మెత్తటి కుంచెలా చేసి పాప చేతిలో పెట్టింది.

"గురువుగారు ముందు చేసి చూపించాలమ్మా. లేకపోతే శిష్యులకు రాదు."

పాప చేదుకు ముఖం ముడుచుకుంది. కానీ గురువు కదా, ఏడవలేదు.

"ఇలా మెల్లిగా. ముందుపళ్ళు, తర్వాత దవడపళ్ళు. లోపలి వైపు మరిచిపోకూడదు. మిఠాయి తింటే నీళ్ళు పుక్కిలించాలి!"

ఏడాదిగా తిరపమ్మ చెప్పి చెప్పి విసిగిపోయిన మాటలు అవి. పాప పుక్కిలించి ఉమ్మింది. రాజుగారూ ఇంకో పుల్లతో అలాగే తోముకున్నారు. పాప తండ్రి నోట్లోకి తొంగిచూసింది.

"నాన్నగారూ, నిన్నటి వక్క ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ తోమండి."

సభ బిగుసుకుపోయింది. రాజుగారి ముఖం ఎర్రబడింది. కూతురు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడే ఉంది.

"చిత్తం, గురువుగారూ" అన్నారాయన చివరికి. మళ్ళీ తోమారు.

మంత్రిగారు ఎన్నో ఏళ్ళ తర్వాత సభలో గుండెనిండా గాలి పీల్చుకున్నారు.

"తాతగారూ, ఇప్పుడు మీరు" అంది పాప వెనక పీట వైపు తిరిగి.

అవధానులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నాకెందుకమ్మా? దంతశాస్త్రం మొత్తం నాకు నోటికి వచ్చు!"

"తెరవవయ్యా!" అని గద్దించారు రాజుగారు.

తెరిచాడు. ఉన్నవి నల్లగా ఉన్నాయి. లేనివి చాలా ఉన్నాయి. పాప బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది.

"తిరపమ్మా, తాతగారికి శాస్త్రమంతా నోటికి వచ్చటగా. మరి పళ్ళు ఇలా ఉన్నాయేం?"

తిరపమ్మ వినయంగా చేతులు కట్టుకుంది.

"నోటికి వచ్చిందమ్మా. పళ్ళదాకా రాలేదు!"

ముందు రాజుగారు నవ్వారు. ఆ తర్వాత సభంతా ఘొల్లుమంది. రాజుగారు ముంజేతి కంకణం తీసి తిరపమ్మ చేతికి స్వయంగా తొడిగారు.

"నువ్వు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. రేపటి నుంచి ఇద్దరికి నీళ్ళు పెట్టు. గురువుగారికీ, నాకూ."

అందరూ నోళ్ళు బార్లా తెరిచి నవ్వుతుంటే, పాప పుల్ల పట్టుకుని సభ వైపు తిరిగింది.

"తర్వాత ఎవరు?"

అన్ని నోళ్ళూ టక్కున మూసుకున్నాయి.