లెక్కలోకి వచ్చిన కౌజుపిట్ట

అనగనగా అంటే మరీ పాతకాలం కాదర్రా, మొన్నమొన్నటి మాటే. పెరిగిపోతున్న ఒక పట్నం అంచున ఒక చిట్టడవి ఉండేది. మూడు పక్కలా మేడలు వచ్చేశాయి. మిగిలిన ఆ కాసిని తుప్పల్లో ఒక కౌజుపిట్ట ఏడు గుడ్లు పెట్టి పొదుగుతోంది. దానికి సిగ్గెక్కువ. తన నీడ ఎదురొచ్చినా పక్కకు తప్పుకునే రకం.

ఒకరోజు కాకి వార్త తెచ్చింది. "రేపటినుంచి మూడు రోజులు అడవి శాఖ మేడమ్ వస్తుందట. జీవాలు కాపురముండే చోట మేడలు కట్టకూడదని చట్టమట. మనం ఎంతమందిమో రాసుకుంటుందట."

"మనిషి వస్తే మనమేం చెయ్యాలి?" అంది నక్క పెద్దరికంగా.

"దాక్కోవాలి!" అన్నాయి అన్నీ. వాటికి తెలిసిన చదువు అదొక్కటే మరి.

మొదటి రోజు అన్నీ బ్రహ్మాండంగా దాక్కున్నాయి. నక్క బొరియలోంచి మీసం కూడా బయట పెట్టలేదు. మేడమ్ వెతికి వెతికి కాగితంమీద సున్నా చుట్టింది. ప్లాట్లు వేసే కోటిలింగం చేతులు నలుపుకుంటూ, "చెప్పలా మేడమ్? ఇక్కడ తొండ కూడా లేదు," అన్నాడు. కాళ్ల దగ్గరున్న తొండకు ఒళ్లు మండింది. అయినా కదల్లేదు.

వాళ్లు వెళ్లాక కాకి నెత్తి కొట్టుకుంది. "మీ దాగుడు తగలెయ్య! సున్నా ఉంటే జేసీబీ వస్తుందర్రా! నేను ఊరి కాకిని, లెక్కలోకి రాను. రేపు మీలో ఎవరో ఒకరు కనబడండి."

"నెమలి వెళ్తుంది. అందగాడు కదా," అంది నక్క.

"ఈకలు రాలే కాలం. ఈ బోడి తోకతో నలుగురిలోకి ఎలా రాను? ఉడుము మామ వెళ్తాడు," అంది నెమలి.

"నన్ను చూస్తే మనుషులకు కూర గుర్తొస్తుంది. నక్క బావ వెళ్తాడు," అంది ఉడుము.

"నా తోక తొక్కితే అదృష్టమంటారు. కోటిలింగం తొక్కాడంటే మనకే ఎసరు!" అంది నక్క.

రెండో రోజూ సున్నాయే.

మూడో రోజు జేసీబీ వచ్చి తుప్పల ముందే నిలబడింది. దాని ఇనప పళ్లు సరిగ్గా కౌజుపిట్ట గూటికి ఎదురుగా ఆగాయి. ఎగిరిపోతే తను బతుకుతుంది. గుడ్లకు రెక్కల్లేవే! మేడమ్ మూడో సున్నా చుట్టడానికి కలం తీసింది.

కౌజుపిట్ట కళ్లు గట్టిగా మూసుకుని తుప్పలోంచి బయటికి నడిచింది. నడిచి నడిచి మేడమ్ బూటుకు గుద్దుకుంది.

"అది మా వాచ్‌మన్ కోడిపిల్ల మేడమ్," అన్నాడు కోటిలింగం.

"కోడిపిల్లనా?" కౌజుపిట్టకు సిగ్గంతా ఎగిరిపోయింది. "నీ కళ్లకు పొరలొచ్చాయా? మా అమ్మమ్మ ఇక్కడే పొదిగింది, మా అమ్మ ఇక్కడే పొదిగింది!"

మనుషులకు అది కీచుకీచుమనే వినబడింది. అందుకని అది గిర్రున తిరిగి, అందరూ చూస్తుండగానే వెళ్లి గుడ్లమీద కూర్చుంది. ఏ కౌజుపిట్టా మనిషికి గూడు చూపించి ఎరగదు.

మేడమ్ వంగి చూసి, సున్నా కొట్టేసింది. "బండి వెనక్కి తిప్పండి. గూడున్న చోట తవ్వితే చట్టం ఊరుకోదు," అంది.

అది చూసి నెమలి వచ్చింది, ఉడుము వచ్చింది, తొండ వచ్చింది. రాసీ రాసీ మేడమ్ చెయ్యి నొప్పెట్టింది. కోటిలింగం జేసీబీ వెనకాలే నడిచిపోయాడు.

అందరికంటే ఆఖర్న వచ్చిన నక్క గొంతు సవరించుకుంది. "అసలు ఈ ఉపాయం నాకెప్పుడో తట్టింది..."

"కాస్త మెల్లగా బావా," అంది కౌజుపిట్ట. "లోపల పిల్లలు పడుకున్నారు."

నీతి: చట్టం ఎంత మంచిదైనా నోరు విప్పనివాడి గూడు దానికి కనబడదు, మన చోటు నిలవాలంటే మనమే ముందుకొచ్చి నిలబడాలి.