మామయ్యగారి కుర్చీకి పట్టు తొడుగు

అనగనగనగా, గోదారి ఒడ్డున ఓ ఊళ్ళో హైమవతి అని ఓ కొత్త కోడలు ఉండేదిరా కన్నా. అత్తగారు లేరు. మొగుడు కొట్టుకి వెళ్ళిపోతే ఇంట్లో తనూ, మామగారు సోమన్నగారూ, అంతే.

సోమన్నగారికి ఓ పాత చేతుల కుర్చీ ఉండేది. పాపం, మోకాళ్ళు పట్టేసిన మనిషి, కింద కూర్చుంటే లేవలేరు. అందుకని ఆ కుర్చీ ఆయనదే. ఇంకెవరూ అందులో కూర్చునేవారు కాదు. కానీ గుడ్డంతా చిరిగి, లోపలి కొబ్బరిపీచు బయటికొచ్చేసింది.

ఒకరోజు హైమ అక్కగారి అత్తగారు దుర్గాంబగారు మొదటిసారి ఇంటికొస్తున్నానని కబురు పంపింది. "అయ్యో, ఈ పీచు చూస్తే ఆవిడ ఏమనుకుంటుంది!" అని హైమకి సిగ్గేసింది. అప్పుడు పోయిన తన అత్తగారి ట్రంకుపెట్టె తీసింది. అడుగున ఎర్రంచు పచ్చ పట్టుచీర, మడత నలక్కుండా ఉంది. మామగారేమో గుళ్ళో పురాణం వింటున్నారు. వచ్చాక అడుగుదామా అనుకుంది. అడగలేదు.

కుర్చీ కొలిచింది. వీపుకీ, చేతులకీ, కింద కుచ్చిళ్ళకీ వేరువేరుగా ముక్కలు కత్తిరించింది. ఆ తర్వాత మిషను మీద కుట్టి తొడిగింది. కుర్చీ పెళ్ళికూతురిలా తయారైంది!

అప్పుడే మామగారొచ్చారు. వెనకాలే దుర్గాంబగారూ వచ్చింది. మామగారు కుర్చీ వంక చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"కూర్చోండి అన్నయ్యగారూ," అంది దుర్గాంబగారు.

"పర్లేదమ్మా, నిలబడితేనే హాయిగా ఉంది."

కాఫీ ఇచ్చినప్పుడు ఆవిడ మళ్ళీ అంది. ఆయన గోడకి చెయ్యి ఆన్చి, నిలబడే తాగారు.

మూడోసారి హైమే అంది, కాస్త గట్టిగానే. "అంత కష్టపడి కుట్టాను మామయ్యగారూ! నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి."

ఆయన తల వంచుకున్నారు.

"పోనీలే పిల్లా, ముసలాళ్ళ మొండితనం తెలీందా? మా ఇంట్లోనూ ఉన్నారుగా ఒకాయన!" అని దుర్గాంబగారు నవ్వింది. హైమా నవ్వింది.

ఆవిడ బస్సుకి బయల్దేరాక హైమ అడిగింది, "ఎందుకు కూర్చోలేదు మామయ్యగారూ?"

"అది గుళ్ళో అమ్మవారికి కట్టిన చీర తల్లీ. మీ అత్తయ్యకి ప్రసాదంగా ఇచ్చారు. దాని మీద ఎలా కూర్చోను? ఆవిడ ముందు చెబితే నీకు చిన్నతనం కదూ."

హైమ గబగబా తొడుగు విప్పి, కళ్ళకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టింది. మామగారిని చెయ్యి పట్టుకుని ఆ పీచు కుర్చీలోనే కూర్చోబెట్టింది. ఆ తర్వాత చెప్పులైనా వేసుకోకుండా బస్సు దగ్గరికి పరిగెత్తింది.

కిటికీ పక్కన నిలబడి, బస్సులో అందరూ వింటుండగా చెప్పింది. "మా మామయ్యగారిది మొండితనం కాదండీ. నేనే అమ్మవారి చీర కోసి కుర్చీకి తొడిగాను. మీ ముందు నా పరువు తియ్యలేక నిలబడ్డారు."

దుర్గాంబగారి మొహంలో నవ్వు పోయింది. "అయ్యో! నేనున్నంతసేపూ, ఆ మోకాళ్ళతోనా?" అంది.

అవునన్నట్టు హైమ తల వంచుకుంది. బస్సు కదిలి వెళ్ళిపోయినా తలెత్తలేకపోయింది.

కథ కంచి దారి పట్టె,
కునుకు నీ కన్ను తట్టె.
అమ్మవారికి దణ్ణం పెట్టు,
అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టు.