పెరటి తడిక అవతల

పరాంకుశ గురువుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి చేత బండెడు చింతపండు పిక్కలు తీయించారనీ, ఆఖరి పిక్క తీసేసరికి ఆయనకు అడిగిందేమిటో గుర్తే లేదనీ కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గురువుగారు మంచుకొండలు ఎక్కి దిగిన మనిషి. ఏటా వానాకాలం వెళ్ళేదాకా శిష్యుడు గవర్రాజు ఇంటి అరుగు మీదే ఆయన మకాం.

గవర్రాజుది బెల్లం కొట్టు, ఇంటి ముందు గదిలోనే. పొద్దున్నే పీట మీద కూర్చుంటే దీపాలు పెట్టేవేళకి లేచేవాడు. ఆ పీట మీద అతని ఆకారం ఎంతగా అచ్చుపడిందంటే, అతను భోజనానికి లేచినా జనం పీటతోనే బేరమాడి వెళ్ళిపోయేవారు.

గురువుగారు మర్నాడు ప్రయాణమవుతారనగా, మధ్యాహ్నం గవర్రాజు అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, ఇల్లు వదిలితేగాని మనిషి బతుకులో సాహసమన్నది ఉండదాండీ? నేను పుట్టి ఈ పీట దిగలేదు. రేపు తెల్లారగట్ల మీ వెనకే వచ్చేస్తాను."

మూట అప్పటికే కట్టేసి బెల్లం కుండల వెనక దాచాడు. భార్య నూకరత్నానికి మాత్రం చెప్పలేదు. చెబితే ఇక కాళ్ళు కదలవని భయం.

గురువుగారు ఒక చెంబు చేతికిచ్చారు. "చిట్టెమ్మగారింటి మజ్జిగ బాగుంటుందట. పట్రా."

గవర్రాజు చెప్పులేసుకున్నాడు.

"వీధిలోంచి కాదు నాయనా, పెరట్లోంచి వెళ్ళు."

"అది ఆడవాళ్ళు నడిచే దారండీ!"

"వాళ్ళూ కాళ్ళతోనేగా నడిచేది."

ఆ ఊళ్ళో వీధి మగవాళ్ళది, పెరటి దారి ఆడవాళ్ళది. గవర్రాజుకి తన పెరట్లో నూతి దాకానే తెలుసు. నూతి వెనక తాటాకు దడిలో చిన్న తడిక ఉంది. పెళ్ళైన నాటినుంచి దాన్ని చూస్తూనే ఉన్నాడు, ఏనాడూ తియ్యలేదు. ఇప్పుడు తీశాడు.

అవతల పక్కింటి పెరడంతా వడియాలు. భూమి కనబడితే ఒట్టు! కొంగలా ఒంటికాలి మీద గెంతుతూ, ఆనపపాదు కింద నుంచి పాకుతూ, ఒక కోడిపెట్ట చేత తరిమించుకుంటూ రెండో దడి చేరేసరికి పంచె సగం చినిగింది. అక్కడి తడిక తీసి, గొంతు సవరించుకుని గట్టిగా దగ్గాడు. పరాయి ఇంట్లో అడుగుపెట్టేముందు మగవాడు దగ్గాలి, లోపలివాళ్ళు సర్దుకోవాలి. వీధివైపు అదే మర్యాద.

పెరటివైపు సంగతి వేరు. ఆ దడి అవతలి ఇంటి వీరాస్వామి కుడితి తెచ్చినప్పుడల్లా దగ్గుతాడు. ఆయన గేదెకి ఆ దగ్గే భోజనానికి పిలుపు. పైగా ఆ గేదె మామూలు గేదె కాదు. అది అరిస్తే పక్క తాలూకాలో దూడలు లేచి నిలబడేవి. దగ్గు వినగానే రాట పీక్కుని, రాటతో సహా వచ్చి, గవర్రాజు చేతిలో చెంబులో మూతి పెట్టింది. కుడితి లేదు. అది తలెత్తి అతని మొహంలోకి చూసింది.

ఆ తరవాత గవర్రాజు గడ్డివామి మీద ఉన్నాడు. ఎలా ఎక్కాడో అతనికీ తెలియదు.

పైనుంచి చూస్తే అదంతా ఇంకో ఊరు. ఒక పిల్ల పరికిణీ ఎగదోపుకుని నూతి చుట్టూ సైకిలు నేర్చుకుంటోంది. ఇద్దరు ముసలమ్మలు దడికి చెరోవైపూ నిలబడి, ఒకరికొకరు పచ్చడి రుచి చూపించుకుంటూనే తిట్టుకుంటున్నారు. తన ఇంటి కప్పు మీద బండిచక్రమంత గుమ్మడికాయ కూర్చునుంది! ఇన్నాళ్ళూ ఇంట్లో గుమ్మడికాయ పులుసు ఏ సంత కాయదో అనుకుని తిన్నాడు.

"ఏవండోయ్! అక్కడేం చేస్తున్నారు?" కింద నూకరత్నం.

"మజ్జిగ కోసం వచ్చాను."

"వామి మీదికా?"

దడుల వెనక నవ్వులు. ఆమె తిన్నగా వెళ్ళి గేదె చెవి పట్టుకుంది. "ఒసేయ్, ఆయన మనవాడేనే, పో!" అంది. అంతటి గేదే ముద్దాయిలా తలొంచుకుని పాకలోకి పోయింది.

"దగ్గారా? ఇటువైపు దగ్గకూడదండీ. మేం పాడుకుంటూ వస్తాం."

గవర్రాజు వామి దిగి చెంబు కడిగాడు. చిట్టెమ్మగారు నవ్వాపుకోలేక అందులో సగం, నేల మీద సగం పోసిన మజ్జిగ తీసుకుని ఇద్దరూ వెనక్కి తిరిగారు. దారిలో గవర్రాజు అడిగాడు:

"ఇంకా ముందుకెళ్తే ఏముంది?"

"కాలువ. తాటిదోనెలో దాటితే సపోటా తోట. మీరు కునుకు తీసేవేళ మేం వెళ్ళొస్తుంటాం."

"దోనె ఎవరు తోస్తారు?"

"ఎవరనుకున్నారు?" అంది నూకరత్నం.

గవర్రాజు నడుస్తూనే ఆమె చేతుల వంక చూశాడు. ఇన్నేళ్ళూ అన్నం వడ్డించిన చేతులే. కాలువ ఎదురుతిరిగినా తోసుకుపోయేలా ఉన్నాయి.

తమ తడిక దగ్గర ఆమె ఆగింది. మొహం అటు తిప్పుకుని అంది:

"రేపు గురువుగారితో వెళ్తున్నారుగా. మూటలో దుప్పటి పెట్టుకోలేదు. కొండల మీద చలట. నేనే పెట్టాను."

అతను తడిక తీసి, ఆమెను ముందు వెళ్ళనిచ్చి, అప్పుడు అడిగాడు:

"రేపు మధ్యాహ్నం దోనెలో ఇంకొకరికి చోటుంటుందా?"

"పాడటం వచ్చా మీకు?"

"రాదు."

"అయితే గేదెతో జాగ్రత్త" అని ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయింది. కళ్ళు తుడుచుకోవడం అతను చూడలేదనుకుంది.

గవర్రాజు మూట విప్పాడు. పంచెలు దండెం మీద వేసి, దుప్పటి తెచ్చి గురువుగారి సంచీలో పెట్టాడు. మజ్జిగ ఆయన ముందుంచి, ఎండుగడ్డి అంటిన తలతోనే కింద కూర్చున్నాడు.

"గురువుగారూ, మీ ఇంటి పెరట్లోనూ తడిక ఉండేదాండీ?"

"ఉండేది."

"దాని అవతల ఏముండేదండీ?"

గురువుగారు మజ్జిగ ఆఖరి చుక్క దాకా తాగారు. చెంబు బోర్లించారు.

"తెలియదు నాయనా," అన్నారు. "నేను వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయాను."