నూకరాజు పేరున్న ఆటపెట్టె

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో సింహాద్రి అని ఒక టీవీ మెకానిక్కు. టీవీలు బాగుచేస్తే కూడు గడిచేది కానీ, ఆయన ప్రాణమంతా పాత వీడియో గేమ్ పెట్టెల మీదే. బీరువా అంత ఎత్తు, లోపల టీవీ, ముందు ఆడించే కర్ర, రెండు బొత్తాలు. పాడైనవి ఎక్కడున్నా తెచ్చుకుని, వసారాలో పెట్టుకుని, చెదపట్టిన చెక్క మార్చి, రంగులేసి మళ్ళీ ఆడించేవాడు. "మనుషులకి చోటు లేదు గానీ పెట్టెలకుంది" అని భార్య పైడితల్లి సణిగేది. సణుగుతూనే రంగుడబ్బా మూత తీసిచ్చేది.

ఒకనాడు సన్యాసమ్మ అనే ముసలావిడ రిక్షాలో ఒక పెట్టె వేయించుకొచ్చింది. ప్లగ్గు పెడితే తెర వణుకుతూ వెలిగింది. ఎక్కువ మార్కులు కొట్టినవాళ్ళ పట్టీ కనపడింది. అందరికన్నా పైన మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఎన్, కే, ఆర్.

"మా తమ్ముడు నూకరాజు. జొరంతో పోనాడు. ఫొటోలన్నీ తుపానుకి కొట్టుకుపోనాయి. ఈ పేరొక్కటే మిగిలింది. తెర బాగుచెయ్యి, పేరు మాత్రం చెరపకు బాబూ," అంది.

సింహాద్రి సరేనన్నాడు.

అప్పుడు వెనక చెక్క ఊడదీశాడు. లోపల బారెడు పాము కుబుసం. ఆయన గుండె ఝల్లుమంది. పాము లేదులే నాన్నా, నువ్వు భయపడకుండా కథ విను.

ఆ తర్వాత టీవీ గొట్టం మీద చెయ్యి వేశాడు. ప్లగ్గు తీసినా అందులో కరెంటు దాక్కునే ఉంది. ఒక్క తన్ను తన్నింది, వెళ్ళి వాకిట్లో పడ్డాడు. పైడితల్లి పరుగెత్తుకొచ్చి చేతులు రుద్దింది.

ఆ తర్వాత ఆటను నడిపించే బోర్డు శుభ్రం చెయ్యబోయాడు. బోర్డు మీద చిన్న బ్యాటరీ ఉంటుంది. పాతబడితే అది కారి బోర్డును తినేస్తుంది. అందుకని ఏ పెట్టె వచ్చినా ముందు బ్యాటరీ కత్తిరించి పారెయ్యడం ఆయనకు అలవాటు. చెయ్యి తన పని తాను చేసేసింది. బ్యాటరీ ఊడి అరచేతిలో పడ్డాక గుర్తొచ్చింది, పేర్లన్నీ దాచిపెట్టేది అదేనని.

సింహాద్రి కొయ్యబారిపోయాడు. కొత్త బ్యాటరీ వేసి చూశాడు. పట్టీ మొత్తం ఖాళీ.

"మూడచ్చరాలే కదా, నువ్వే ఆడి ఎక్కించెయ్యి. ఆవిడకేటి తెలుస్తాది?" అంది పైడితల్లి.

కర్ర పట్టుకున్నాడు. చెయ్యి రాలేదు. మర్నాడు సన్యాసమ్మ వస్తే తలొంచుకుని, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

ఆవిడ ఎదురుగా ఉన్న బల్ల మీద కూలబడింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"ఆ పేరు మా తమ్ముడు ఎక్కించింది కాదు బాబూ. మా తమ్ముడికసలు ఆటే రాదు. పోనాక, ఏడాదిపాటు రోజూ ఈ పెట్టె అప్పుడుండే ఆటల కొట్టుకెళ్ళి నానే ఆడి ఎక్కించాను. ఇప్పుడు చేతులు వంగవు. అన్ని మార్కులు మళ్ళీ నావల్ల కాదు."

సింహాద్రి నిర్ఘాంతపోయాడు. కుబుసానికీ, కరెంటుకూ కూడా అంత అదరలేదు. పైడితల్లి అయితే నోటి మీద చెయ్యి వేసుకుని గుమ్మంలోనే ఉండిపోయింది.

అప్పుడాయన మెల్లగా అన్నాడు. "అన్ని అక్కర్లేదమ్మా. పట్టీలో ఇప్పుడెవరూ లేరు. ఎంత కొట్టినా అదే అందరికన్నా పైన."

సన్యాసమ్మ కర్ర పట్టుకుంది. ఆ ఆట మూడు ప్రాణాలిస్తుంది. మొదటిది కన్ను మూసి తెరిచేలోగా పోయింది. రెండోదీ పోయింది. మూడోదాంతో తడబడుతూ మూడంటే మూడే దెబ్బలు కొట్టింది. ముప్పై మార్కులు. అంతకన్నా అధ్వాన్నంగా ఎవరూ ఆడలేరు.

అయినా పట్టీకంతటికీ పైన ఎన్, కే, ఆర్. సన్యాసమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు.

పోయిన పేరు పైకొచ్చింది,
పొద్దుటి పని రేపటికుంది,
కథేమో కంచికి పోయింది,
కన్నుకు కునుకు వచ్చింది.