కిర్రుచెప్పుల గుడారం

ఏయ్, సర్దుకోండి, ఒకరి మీద ఒకరు పడకండి. ఒరే శేషూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లెలికేం మిగులుతుందిరా? పద్దూ, నువ్విటు నా పక్కకి రా. పొద్దున నా నేతచీర పట్టుకెళ్ళి, పెరట్లో వెదురుకర్ర పాతి గుడారం కట్టారుగా? నడిమికి కర్ర పొడుచుకుని చీర చిరిగిందా లేదా? చిరక్కేం చేస్తుంది! మీకే కాదు, మహారాజులకే చిరిగింది. ఆ కథే చెబుతాను. ఊ కొట్టాలి మరి, కొట్టకపోతే కథ అలిగి వెళ్ళిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. పేరు చాంతాడంత ఉండేదట, నాకు నోరు తిరగదు, మనం గండరాజు అనుకుందాం. ఆయనకి కోట ఉంది, కోటలో మేడలున్నాయి. అయినా ఇంట్లో కాలు నిలవదు. ఏరు కనపడితే ఏటి ఒడ్డున గుడారం, మిట్ట కనపడితే మిట్ట మీద గుడారం, తోట కనపడితే తోటలో గుడారం. మధ్యలో ఒకటే గుంజ, దాని మీంచి చుట్టూ జారే పట్టుగుడ్డ, కొసన బంగారు కలశం. ఆ కలశం పక్క ఊరికి కూడా కనపడాలి, లేకపోతే ఆయనకి అన్నం సయించదు.

మరి గాలి ఊరుకుంటుందా? గాలొస్తే గుడ్డ ఊగుతుంది. గుడ్డ ఊగితే కలశం ఊగుతుంది. కలశం ఊగితే గుంజ పొడుస్తుంది. గుంజ పొడిస్తే కొస చిరుగుతుంది. కొస చిరిగితే గుడ్డంతా జర్రున జారి రాజుగారి నెత్తిన పడుతుంది! లోపల ఆయన వలలో పడ్డ కుందేలులా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ, ఎవడ్రా ఇది కుట్టిందీ అని అరుస్తాడు. కుట్టినవాణ్ణి పట్టుకొచ్చి సగం మీసం గీయించి పంపిస్తాడు. ఆ ఊళ్ళో కుట్టుపనివాళ్ళందరికీ సగం మీసాలేనట. నవ్వుతావేంటే పద్దూ? వాళ్ళ పెళ్ళాలకి తెలుసు ఆ అవస్థ.

చిరిగినప్పుడల్లా రాజుగారేం చేసేవాడో తెలుసా? ఇంకా పెద్ద కలశం చేయించేవాడు. చిన్న కలశం పెట్టడంవల్లే గాలికి లోకువైపోయామని ఆయన నమ్మకం! పెద్ద కలశమంటే ఇంకా బరువు, ఇంకా బరువంటే ఇంకా చిరుగు. ఈ మాట ఆయనకి చెప్పేదెవరు? చెబితే ఉన్న సగం మీసమూ పోతుంది.

ఊ కొడుతున్నారా? ఆఁ, అదీ.

ఆ ఊళ్ళోనే సూరన్నని ఒక కుట్టుపనివాడు. అప్పటికే ఎడమ మీసం లేదు. అతని తల్లి అప్పాయమ్మ. ఆవిడ కుట్టు కుట్టిందంటే చీమలు బారు కట్టినట్టుండేది. ఆ సంగతి ఊరికంటే ఆవిడకే బాగా తెలుసు, అదీ చిక్కు. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు గవరమ్మకి చీపురిచ్చింది, చేటిచ్చింది, రోకలిచ్చింది. సూది మాత్రం ముట్టుకోనివ్వలేదు. గవరమ్మకి పుట్టింట్లో కుట్టొచ్చు పాపం. గుమ్మం దగ్గర నిలబడి చూసేది, చేతులు దురద పెట్టేవి, వెళ్ళి అంట్లు తోముకునేది.

ఆ ఇంటి అటక మీద ఒక మూట. మూటలో కిర్రుచెప్పులు. గండరాజు వాళ్ళ నాన్న, పెదరాజుగారు, అప్పాయమ్మ మొగుడి పనితనానికి మెచ్చి తన కాళ్ళకున్న చెప్పులు విప్పి ఇచ్చేశాడట. మొగుడు పోయాక అప్పాయమ్మకి అవే దేవుళ్ళు. ప్రతి శుక్రవారం దింపి, నూనె రాసి, బొట్టు పెట్టి మళ్ళీ అటకెక్కించేది. చెప్పులకి నూనె పెట్టేది గానీ, కోడలి తలకి ఒక్క చుక్క పెట్టిన పాపాన పోలేదు!

ఇలా ఉండగా రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరేలా ఉంది. కాబోయే వియ్యంకుడు పొరుగురాజు. మిట్ట మీద కలుసుకుని తాంబూలాలు పుచ్చుకోవాలి. గండరాజు సూరన్నని పిలిపించాడు. గుడారం ఎప్పుడూ లేనంత ఎత్తుండాలి, కలశం ఎప్పుడూ లేనంత పెద్దదుండాలి అన్నాడు. వియ్యంకుడి ముందు గాని చిరిగిందా, ఈసారి మీసంతో పోదు, సూదీ కత్తెరా ఇక్కడ పడేసి ఇంటిల్లిపాదీ రాజ్యం దాటి పోవాలి అన్నాడు. సూరన్న ఉన్న మీసం పట్టుకుని ఇంటికొచ్చి పడ్డాడు.

అప్పాయమ్మ కొత్త పట్టు తీసి కొస కుట్టింది. పెరట్లో గుంజకి తొడిగి సూరన్న ఒక్క లాగు లాగాడు. చర్ర్! రెండు పొరలు వేసి కుట్టింది. చర్ర్! మూడు పొరలు వేసింది. చర్ర్! రాజుగారి వస్తువుకి కొత్త గుడ్డే వాడాలి, పాతగుడ్డ ముట్టించకూడదు, అది వాళ్ళ ఇంటి ఆచారం. కొత్త పట్టు చూడ్డానికి బాగుంటుంది గాని గుంజపోటుకి ఆగుతుందా? ముసలమ్మ నేల మీద చతికిలబడి, ఈ వయసులో ఏ ఊరు పోనురా నాయనా అని ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే గవరమ్మ నెత్తిన నీళ్ళకుండతో వచ్చింది. కుండ దింపింది. నెత్తి మీది చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుంది. కుదురు కేసి చూసింది, గుంజ కేసి చూసింది. మళ్ళీ కుదురు కేసి చూసింది.

"అత్తా, కుండ మోసేప్పుడు నెత్తికీ కుండకీ మధ్య కుదురు పెట్టుకుంటాం గదా. ఆ గుంజ నెత్తిన అంత బరువు పెట్టి, మధ్యలో ఏమీ పెట్టలేదేం?" అంది.

ఇంకో రోజైతే అప్పాయమ్మ గయ్యిమని లేచేది. ఆవేళ ఓపిక లేక, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో పో అంది. గవరమ్మ ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతచీరలు తెచ్చింది. బొంత కుట్టినట్టు పొర మీద పొర వేసి గుండ్రంగా చుట్టింది. రాజుగారి నెత్తి మీద నా పాతచీరలా అని అప్పాయమ్మ గుండె బాదుకుంది. పైన కొత్త పట్టు కప్పుతాం, ఎవరికీ కనపడదులే అంది గవరమ్మ. తొడిగి లాగితే చర్రుమనలేదు. కానీ గుంజ కొసన ఇనపకట్టు ఉంది, అది ఆనిన చోట చీరకి చిల్లు పడింది. ఆ ఒక్క చోటా తోలు కావాలి. నూనె తాగి తాగి నానిన తోలైతే మరీ మంచిది.

గవరమ్మ కళ్ళు అటక మీదకి పోయాయి. అప్పాయమ్మ కళ్ళూ పోయాయి. వాటి మీద చెయ్యేస్తే చేతులు విరగ్గొడతానంది అత్త.

అప్పాయమ్మ చిరిగిన పట్టు చూసింది. కొడుకు సగం మీసం చూసింది. మొగుడు వాడిన కత్తెర చూసింది. లేచి, నిచ్చెన వేసి, తనే మూట దింపింది. చెప్పులు కళ్ళకద్దుకుని కోడలి ఒళ్ళో పెట్టింది.

"కొయ్యి. నాతోపాటు నువ్వూ పట్టు. నీ కుట్టు నేనింతవరకూ చూళ్ళేదు, చూడకుండానే చెబుతున్నా, వంకరే!" అంది.

అంత మందానికి మామూలు సూది దిగుతుందా? గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చారు. అత్త పైనుంచి గుచ్చితే కోడలు కిందనుంచి లాగింది. కోడలు కిందనుంచి గుచ్చితే అత్త పైనుంచి లాగింది. అత్త గుచ్చె, కోడలు లాగె. కోడలు గుచ్చె, అత్త లాగె. ఒకసారి గవరమ్మ వేలికి గుచ్చుకుంటే, చూసుకోవద్దుటే పిచ్చిమొహమా అని తిట్టి, పసుపద్ది గుడ్డ చుట్టింది అప్పాయమ్మ. పెళ్ళయ్యాక ఆవిడ కోడలి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఒరే శేషూ, పడుకున్నావా? లేదూ? మరి ఊ ఏది?

మిట్ట మీద గుడారం లేచింది. పొరుగురాజు తన గుడారం తను తెచ్చుకుని పక్కనే వేసుకున్నాడు. లోపల గండరాజు, చుట్టాలొచ్చేదాకా ఆగలేక, ఒక అరిసె నోట్లో పెట్టుకున్నాడు. అంతలో మొదలైంది గాలి! అబ్బో, ఏం గాలనుకున్నారు! పొరుగురాజు గుడారం చర్రున చిరిగి ఎగిరిపోయింది. ఆయన తలపాగా చేత్తో పట్టుకుని, పెళ్ళాంపిల్లలతో పరుగెత్తుకొచ్చి మన గుడారంలో పడ్డాడు. అందరూ తలెత్తి చూశారు. గుడ్డ ఉబ్బింది, గుంజ ఊగింది, కొస మాత్రం చెక్కు చెదరలేదు. సూరన్న ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు వినపడింది. పైనుంచి. కిర్రు... కిర్రు...

మంత్రిగారు దెయ్యం దెయ్యమని తివాచీ కింద దూరాడు. గండరాజు మాత్రం కొయ్యబారిపోయాడు. ఆ చప్పుడు ఆయనకి తెలీదూ? చిన్నప్పుడు ఏ అల్లరి చేసినా వెనకనించి వచ్చేది అదే. కిర్రు కిర్రుమంటే నాన్నగారొస్తున్నట్టు, నాన్నగారొస్తే చెవి మెలి పడినట్టు. అంత రాజూ గభాలున లేచి, ఒక చేత్తో చెవి మూసుకుని, "నాన్నగారూ, నేను తినలేదండీ, ఊరికే పట్టుకున్నానండీ!" అన్నాడు.

వియ్యంకుడు నోరెళ్ళబెట్టాడు. పై చప్పుడేమిటో చెప్పమని కుట్టినవాళ్ళని పిలిచారు. గవరమ్మ దాచకుండా, కొసలో చెప్పుల తోలు పెట్టామని చెప్పేసింది. తివాచీ కిందనుంచి మంత్రిగారు తల బయటపెట్టి, రాజుగారి నెత్తి మీద చెప్పులా, వీళ్ళని ఇప్పుడే తరిమేయండి అన్నాడు. సూరన్న ఉన్న మీసం గట్టిగా పట్టుకున్నాడు. అప్పాయమ్మ గబగబా వచ్చి కోడలికి అడ్డంగా నిలబడింది. దాన్నేమీ అనకండి, చెప్పులు నావి, మీ నాన్నగారు మా ఆయనకిచ్చినవి అంది.

గండరాజు తలెత్తి పైకి చూశాడు. కిర్రు, అంది పైన.

గవరమ్మ, అత్త వెనకనించే, "పెద్దల పాదాలకి దణ్ణం పెట్టి నెత్తినే గదండీ పెట్టుకుంటాం. ఆయన నిలబడ్డారు గనకే గుడారం నిలబడింది" అంది.

రాజుగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఇంకోటి తోచింది. అయ్యయ్యో, నాన్నగారి మీద అంత బరువు కలశమా, దింపండి దింపండి అని కేకలేశాడు. దింపేశారు. గుంజ ఊగడం సగం తగ్గిపోయింది! తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆ తరవాత ఎవరి మీసం జోలికీ పోలేదట. మంగలిని పిలుద్దామనుకున్నప్పుడల్లా కిర్రుమనేది మరి.

వెళ్ళేముందు, ఇంత గట్టిగా కుట్టిందెవరని అడిగాడు రాజు. అప్పాయమ్మ ఎప్పుడూ నేనే అనే మనిషి. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"పైన కనపడే కుట్టు నాదండీ. చిరక్కుండా ఆపింది మా కోడలు" అంది.

రాజ్యం వదిలిపొమ్మన్నా ఏడవని గవరమ్మ, ఆ మాటకి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శుక్రవారం వచ్చింది. అలవాటు కొద్దీ అప్పాయమ్మ నూనెగిన్నె పట్టుకుని అటక దగ్గరకెళ్ళింది. చెప్పులేవీ? లేవు! గిన్నె పట్టుకునే వెనక్కి తిరిగింది. తరవాత, ఏమే గవరమ్మా, ఇలా వచ్చి కూర్చో అని పిలిచి, కోడలి జడ విప్పి, మాడు నిండా నూనె పెట్టింది. పెడుతూ పెడుతూ సూదిపెట్టె తీసి ఒళ్ళో పడేసింది. నీ కుట్టు వంకరేం కాదులే అంది.

అదర్రా కథ. బరువు మోసే మనిషికి మెత్తగా ఒక కుదురు పెట్టాలి, గుంజకైనా, కోడలికైనా. పొద్దున్నే నా చీర తెండి, కొస నేను కుట్టిపెడతాను, లోపల తోలు వెయ్యడానికి శేషు పాతచెప్పులు నాకిచ్చెయ్యాలి. కథ కంచి దారి పట్టింది, మనం కమ్మటి నిద్ర దారి పడదాం. పద్దూ, తల ఇలా పెట్టు, నూనె పెట్టి ఎన్నాళ్ళయిందే నీకు!