ఎదర తోక లేని ప్రయాణం

గోదారి కాలవల కింద సార్వా వరి కోతలు అయిపోగానే బాతుల మందలు దిగుతాయి. కోసిన చేలల్లో రాలిన గింజలన్నీ వాటివే. మందలో ఎన్ని వందలున్నా వరసకట్టే నడుస్తాయి. బాతుకి ఊరి పేరు అక్కర్లేదు, దారి గుర్తులు అక్కర్లేదు. ఎదర నడిచే బాతు తోక కనిపిస్తే చాలు, ఎంత దూరమైనా పోతుంది. తెలివితక్కువతనం అంటారా, అనండి. నలుగురూ పోయే దారిన కళ్లు మూసుకుని పోయేవాళ్లు మనలో మాత్రం లేరా?

గంగరత్నం అలాంటి బాతే. పుట్టి ఏడాదైంది గానీ మంద వదిలి నాలుగడుగులు వేసిన పాపాన పోలేదు. అలాంటిది, కాల్లో తుమ్మముల్లు దిగి కుంటుతుంటే, మంద కాసే మనిషి దాన్ని ఓ రైతు పశువులపాకలో వదిలి మిగతావాటిని తోలుకుపోయాడు. ఐదు రోజుల్లో కాలు నయమైంది. ఆరో రోజు పొద్దున్న ఆ పాకలో ఉండే ముసలి ఎద్దు ధర్మయ్య నెమరు ఆపి చెప్పాడు.

"అమ్మాయ్, మీ మంద రేవులో ఉందట. మధ్యాహ్నం పంటు ఎక్కి ఏరు దాటేస్తారట. ఇందాక గడ్డి వేస్తూ మా రైతు అంటుంటే విన్నాను."

"దాటితే మళ్లీ ఎప్పుడొస్తారు తాతా?"

"వచ్చే కోతలకే."

గంగరత్నం ఎద్దు దగ్గరికి జరిగింది. "నన్ను రేవు దాకా దిగబెట్టవా?"

"మెడకి పలుపుందే తల్లీ. నువ్వే పోవాలి."

"ఎవరి వెనకాల పోను?"

"ఎవరి వెనకాలా కాదు. ఈ కాలవ రేవు పక్కనుంచే పోతుంది. అది నీ కుడి రెక్క వైపు ఉన్నంతసేపూ నువ్వు దారిలో ఉన్నట్టే."

గంగరత్నం బయల్దేరింది. పదడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంది. ఎదర తోక లేకపోతే లోకం ఇంత పెద్దదిగా ఉంటుందని దానికి ఇప్పటిదాకా తెలీదు.

ఆ గట్టు మీదే కొండలరావు తగిలాడు. పక్కా మెట్ట నక్క. పుట్టి బుద్ధెరిగి ఎర్రమట్టి దిబ్బలూ తాటితోపులూ తప్ప ఎరగడు. కోతల్లో ఎలకలు దొరుకుతాయని విని నిన్ననే పల్లానికి దిగాడు. బాతుని చూడగానే నోట్లో నీళ్లూరాయి. కానీ చుట్టూ చేలల్లో మనుషులు కుప్పలు నూరుస్తున్నారు, వాళ్ల పక్కన కుక్కలు పడుకుని ఉన్నాయి. బాతు ఒక్క అరుపు అరిచిందంటే తన పని అయినట్టే.

అందుకని గొంతులో తేనె పోసుకున్నాడు. "ఎక్కడికి చెల్లెమ్మా, ఒక్కదానివే?"

"రేవుకి అన్నయ్యా. మధ్యాహ్నంలోగా వెళ్లిపోవాలి."

"అయ్యో, ఒంటరి ఆడపిల్ల. నేనూ అటే పోతున్నాను. నా తోక చూశావుగా, ఎంత పెద్దదో. దాన్నే చూసుకుంటూ వచ్చెయ్యి."

గంగరత్నానికి ప్రాణం లేచొచ్చింది. తోక అంటే అదీ తోక. మందలో పాతిక బాతుల తోకలు కలిపినా అంత ఉండదు. ఇంకేం ఆలోచిస్తుంది, తలొంచుకుని ఆ తోక వెనకాలే నడిచింది. నడక ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

కాసేపటికి అరికాళ్లు చురుక్కుమన్నాయి. చూస్తే కింద బురద లేదు, గరుకు ఎర్రమట్టి. తల ఎత్తింది. ఎదర తాటితోపు. కుడి రెక్క వైపు చూసింది. కాలవ లేదు.

అప్పుడు అర్థమైంది, తనని ఎటు తీసుకెళ్తున్నాడో. పరిగెడితే రెండంగల్లో పట్టేస్తాడు. ఎగరడం చేతకాదు. దూరంగా కుడివైపు చూస్తే ఊదారంగు పూలతో పచ్చగా, చదునుగా ఓ మేర కనిపించింది. మెట్టవాళ్ల కళ్లకి అది పచ్చిక చేను. గంగరత్నం మాత్రం గుర్తుపట్టింది. అది కాలవే. గుర్రపుడెక్క ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి కమ్మేసి నీళ్లు కనపడకుండా చేసింది. దాని వేళ్లలో నత్తలు ఏరుకు తిని పెరిగిన పిల్ల కదా, తెలియకేం.

అది నిలబడిపోయింది. "అన్నయ్యా, ఇక నా వంతు."

"ఏం వంతు?"

"మా మందలో కొంత దూరం అయ్యాక ముందున్నవాళ్లు వెనక్కి రావాలి, వెనకున్నవాళ్లు ముందుకి పోవాలి. వంతు తప్పితే నాకు అడుగు పడదు. గోల పెట్టి అరుస్తాను. ఏం చెయ్యను, అలవాటు."

కొండలరావు అటూ ఇటూ చూశాడు. నూర్చేవాళ్లు ఇంకా కేక వినపడేంత దూరంలోనే ఉన్నారు. "సరే తల్లీ, అరవకు. నువ్వే నడు. ఎటు?"

"ఆ పచ్చిక మీదుగా అడ్డదారి ఉంది. ఇంకో మాట. వెనకున్నవాళ్లు ముందున్నవాళ్ల అడుగులో అడుగు వెయ్యాలి. పక్కకి పోకూడదు."

నక్క లోపల్లోపల మురిసిపోయాడు. ఆ పచ్చిక మీద మనిషి అలికిడి లేదు. వెనకనించి మెడ అందుకోవడం ఇంకా సుళువు. చేను మధ్యకి పోయాక చూసుకుందాం అనుకున్నాడు. గంగరత్నం ముందు నడిచింది. నడక ఎక్కడా తడబడనివ్వలేదు. గట్టు దిగి ఆకుల మీద కాలు పెట్టింది. తేలికపాటి ఒళ్లు, వెడల్పాటి పాదాలు, రెక్కలు కొంచెం విప్పి పట్టుకుని టపటపా నాలుగు బారలు పోయింది.

కొండలరావు ఇక ఆగలేకపోయాడు. గట్టు మీంచి ఒక్క దూకు దూకాడు. అడుగులో అడుగే వేశాడు పాపం, అందులో తప్పు పట్టడానికి లేదు. ఆకులు విడిపోయాయి, నక్క నిలువునా మునిగింది, ఆకులు మళ్లీ మూసుకున్నాయి. కాసేపటికి నెత్తి మీద ఊదా పూలు పెట్టుకుని ఓ తల పైకి తేలింది.

"చెల్లెమ్మా, ఇది చేను కాదా?"

"నేను చేనన్నానా అన్నయ్యా?"

"మరి కాలవని చెప్పొద్దూ?"

"నువ్వు రేవుకి దారి తెలిసినవాడివి. నీకు చెప్పేదాన్నా నేను?"

"వేళ్లు కాళ్లకి చుట్టుకుంటున్నాయి. లాగు తల్లీ."

"లాగేదాన్నే. కానీ మధ్యాహ్నం అవుతోంది, నాకు పంటు ఉంది."

ఆ చప్పుడుకి కుక్కలు లేచాయి. కొండలరావు నానా తంటాలు పడి, దూకిన గట్టే మళ్లీ ఎక్కి, తడిసి పీలగా అయిపోయిన ఒంటితో మెట్టదారి పట్టాడు. కుక్కలు పొలిమేర దాకా సాగనంపాయి.

గంగరత్నం డెక్క లేని చోటు చూసుకుని ఇవతలి గట్టెక్కింది. కాలవని కుడి రెక్క వైపు పెట్టుకుంది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. దారిలో ఆగి ఓ నత్తని కూడా తిన్నది, తన ఇష్టానికి తను ఆగడం అదే మొదటిసారి. భలే సంతోషంగా ఉంది దానికి.

రేవుకి చేరేసరికి మంద ఇంకా పంటు ఎక్కుతోంది. పెద్ద బాతు అచ్చాయమ్మ దాన్ని చూసి నోరు తెరిచింది.

"ఓసి పిల్లా, నువ్వా! ఎవరు తీసుకొచ్చారే నిన్ను?"

"ఎవరూ లేరు పెద్దమ్మా, నేనే వచ్చాను. దారి చూపిస్తానని మెట్ట నించి ఒకాయన బయల్దేరాడు గానీ, కాలవ దాటలేకపోయాడు."

ఒంటరిగా బయల్దేరినవాళ్లకి తోడు దొరకకపోయినా ఫరవాలేదు, తామెటు పోతున్నారో తెలిస్తే చాలు.