సుక్రి పొయ్యి మీది కాఫీ

ఊఁ కొడతానంటేనే చెబుతా. సగంలో కునుకు తీశారో, నాకు చిర్రెత్తుకొస్తుంది. ముందే చెప్పేస్తున్నా.

ఒక దేశంలో వేడి ఇసకలో గిన్నె పెట్టి కాఫీ కాస్తారట. ఇంకో దేశంలో సాంబ్రాణి పొగ వేసి, చుట్టాల్ని కూర్చోబెట్టి మూడుసార్లు పోస్తారట. ఆ ముచ్చట్లు ఆ దేశాలవాళ్ళు చెప్పుకుంటారు. నేను చెప్పేది మన తూర్పు కొండల కథ. ఎప్పటిదంటారా? సంతకి పోవాలంటే కాలిబాట తప్ప ఇంకో దారి లేని రోజులది.

రెండు ఊళ్ళ బాటలు ఒక కనుమ మీద కలిసి, అక్కణ్ణుంచి సంతకి పోయేవి. కనుమకి ఇటు ఎగువపుట్టు, అటు దిగువపుట్టు. మధ్యలో, మంచు కమ్మితే కనబడకుండా పోయేంత చిన్న గుడిసె. అందులో సుక్రి ఉండేది. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు బుద్రి, దిగువపుట్టు పెద్ద మంగులు కొడుకుని కట్టుకుని అటు వెళ్ళిపోయింది.

పెరట్లో నాలుగు కాఫీ చెట్లు ఉండేవి. పండిన గింజల్ని ఎండబెట్టి, మంగలంలో వేయించి, రోట్లో దంచి, బెల్లం వేసి మరిగించేది సుక్రి. పొయ్యేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ పోసేది. ఉన్నది ఒకే ఒక్క సొరబుర్ర. ఒకరు తాగాకే ఇంకొకరు తాగాలి.

"మొదటి బుర్ర సలికి, రెండో బుర్ర అలుపుకి, మూడో బుర్ర మనసుకి. తాగినోడు ఇంటి కబురు సెప్పి లెగాలి" అనేది. అంతకి మించి ఎవర్నీ ఏమీ అడిగేది కాదు.

బాగానే ఉండేది. ఉండనిస్తారా? ఒక వేటలో కణుజు, అదే పెద్ద కొమ్ముల దుప్పి, పడింది. మా బాణానికి పడిందని ఎగువవాళ్ళు, మా బాణానికని దిగువవాళ్ళు. ఆ కణుజు అక్కడే కుళ్ళిపోయింది గానీ తగువు కుళ్ళలేదు. ఈ ఊరివాళ్ళు ఆ ఊరు పోకూడదన్నారు. ఆ ఊరివాళ్ళు ఈ ఊరివాళ్ళతో మాట్లాడకూడదన్నారు. సుక్రి పుట్టింది ఎగువలో కదా, దిగువవాళ్ళకి ఆమె కూడా పగవాళ్ళ మనిషే అయిపోయింది.

అప్పటికి బుద్రికి నెలలు నిండి నీళ్ళాడే రోజులు. సుక్రికి ముద్ద దిగేది కాదు. దిగువవాళ్ళు సంతకి పోతూ కనబడితే గుమ్మంలోకి పరుగెత్తేది.

"బాబూ, కాఫీ తాగిపోండి. నా బుద్రి ఎలగుంది?"

వాళ్ళు తల తిప్పుకుని పోయేవారు. మరో సంతకి అడిగింది. తల తిప్పుకుని పోయారు. ఇంకో సంతకీ అడిగింది. అప్పుడూ అంతే. కూతురు బతికుందో లేదో కూడా తెలియక ఆ తల్లి ఎంత ఏడ్చిందో ఆ పొయ్యికే తెలుసు.

ఆ తరవాతి సంతనాడు పట్టపగలే ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. ఎగువపుట్టు పెద్ద లైకోను తడిసి ముద్దయి గుడిసెలో దూరాడు. వెనకాలే మంగులూ దూరాడు. లోపల లైకోను మొహం చూసి వెనక్కి తిరగబోయాడు. బయట పిడుగు పడింది. మళ్ళీ లోపలికే వచ్చాడు. నవ్వకండి, మీరైనా అంతే!

సుక్రి పొయ్యి ఎగదోసింది. గింజలు మంగలంలో వేసింది. ఆ కొండల్లో ఒక కట్టుబాటుంది. మన కోసం గింజలు వేగుతుంటే లేచిపోకూడదు. లేస్తే పొయ్యిని తన్నినట్టే.

మొదటి బుర్ర చలికి. లైకోను తాగి, "మా సోళ్ళ పంట బాగా పండింది" అన్నాడు. బుర్ర కడిగి, నింపి, మంగులు ముందు పెట్టింది.

"ఈడు తాగిన బుర్రలో నాను తాగను."

"నాకున్నది ఇదొక్కటే అన్నా. సల్లారిపోద్ది" అంది సుక్రి.

మంగులు పళ్ళు టకటకలాడుతున్నాయి. కాఫీ వాసనకి ముక్కు ఊరుకోవడం లేదు. చివరికి గటగటా తాగేశాడు. "మా ఊళ్ళో వాన పడతంది" అన్నాడు.

"ఇక్కడా పడతంది" అంది సుక్రి. లైకోను నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు.

రెండో బుర్ర అలుపుకి. లైకోను తన ఆవు ఈనిందన్నాడు. మంగులు తన ఎద్దు కుంటుతోందన్నాడు. "ఏ కాలు?" అని లైకోను నోట్లోంచి మాట జారిపోయింది. "ముందరి కాలు" అని మంగులు నోట్లోంచీ జారిపోయింది.

మూడో బుర్ర మనసుకి. సుక్రి నింపింది. ఈసారి ముందు మంగులుకే ఇచ్చింది. ఏమీ అడగలేదు. అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది.

మంగులు తాగాడు. బుర్ర దించాడు. తల ఎత్తలేకపోయాడు.

"సెల్లే, నీకు మనవరాలు పుట్టింది. మూడు సంతలయింది. తల్లీ పిల్లా బాగున్నారు. పిల్లకి ఇంకా పేరెట్టనేదు. మాయమ్మ వచ్చి ఎత్తుకునేదాకా పేరెట్టనివ్వనని నీ కూతురు మొండికేసింది. ఆ పిల్లని నాను ఊరికే 'ఏయ్' అని పిలుత్తన్నాను."

సుక్రి భోరుమంది. మూడు సంతల ఏడుపూ ఒక్కసారే వచ్చింది.

లైకోను గొంతు సవరించుకున్నాడు. "కణుజు పోయింది, దాని బొమికలూ పోయినాయి. ఇంకెందుకు మనకీ కొట్లాట? పద అక్కా, పిల్లని సూడు. నీ పొయ్యి నాను సూసుకుంటాను."

"నీకు కాఫీ కాయడం వచ్చేటి?" అన్నాడు మంగులు. "ఉండు, నానూ ఉంటాను."

వాన వెలిసింది. సుక్రి ఒంటరిగా దిగువకి పరుగెత్తింది. ఇక్కడ ఇద్దరు పెద్దలూ కలిసి గింజలు మాడబెట్టారు. ఆ రోజు ఆ బాటన పోయినవాళ్ళు ఆ మాడు కాఫీ తాగి, మూతి ముడుచుకుని, ఎందుకో నవ్వుకుంటూ పోయారట. సాయంత్రానికి బుద్రి ఒళ్ళోంచి పిల్లని తీసుకుని సుక్రి తన పేరే పెట్టింది.

తరవాత చాలా ఏళ్ళు బతికింది సుక్రి. పోయింది. ఇప్పుడా కనుమకి తారురోడ్డు వచ్చింది, గాజుగ్లాసులు వచ్చాయి. అయినా మాటల్లేని ఇద్దరు ఒక ఇంట్లో కలిస్తే ఆ కొండలవాళ్ళు రెండు గ్లాసులు తీయరు. ఒక్కదాంట్లోనే పోస్తారు. మూడోసారి తాగి కూడా ఎవడైనా నోరు మెదపకపోతే, పొయ్యి దగ్గరి ముసలమ్మ కసురుతుంది:

"సెప్పరా! ఆ సుక్రి తల్లి ఎదురుసూత్తంది."